కింది రేవు మహారాజు

జకర్యా గురించి చెప్పేటప్పుడు ముందు ఆయన సాధించినవి చెప్పాలి. చివర్లో చెబితే ఎవరూ వినరు.

గోదావరి కింది రేవు ఊళ్ళో, క్రైస్తవుల వాడ నుంచి మిషన్ బడిలో ఎనిమిదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి జకర్యా. ఆ వాడలో చేతికి గడియారం కట్టిన మొదటి మనిషీ ఆయనే, ఇంగ్లీషులో సంతకం గిలికిన మొదటి మనిషీ ఆయనే. పడుచు వయసులో గోదారిని ఈ దరి నుంచి ఆ దరికి ఈది, అక్కడి లంకలో దోసకాయ తెంపి నోట కరుచుకుని మళ్ళీ ఈదుకుంటూ వచ్చాడంటారు. ఈదడం ఊరంతా చూసింది. దోసకాయను మాత్రం ఎవరూ చూడలేదు. ఊళ్ళోకి కరెంటు రాకముందే బ్యాటరీల రేడియో తెచ్చి, వాడ మధ్యలో స్టూలు వేసి, దాని మీద పెట్టి అందరికీ వినిపించాడు. ఇవన్నీ ఒకెత్తు. సర్కారు కొలువు ఒకెత్తు.

ఏటి నీటిమట్టం చూసే కొలువు అది. రేవు మెట్ల పక్కన వరసగా కొలతరాళ్ళు పాతి ఉంటాయి. వాటి మీద తెల్ల గీతలు, నల్ల గీతలు. వానాకాలంలో గంట గంటకూ దిగి, నీళ్ళు ఏ గీత మీదున్నాయో చూసి, ఒడ్డు మీది గదిలో ఉన్న వైర్‌లెస్ పెట్టెలో పెద్దాఫీసుకు చెప్పాలి. ఖమ్మంలో ట్రైనింగు పొంది, కొలువులో చేరిన రోజు జకర్యా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెట్టె ముందు కూర్చుంటే, కిటికీ దగ్గర వాడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు. దొర ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ వంశం మరి. వాళ్ళ పిల్లవాడు చెప్పే మాట కోసం ఇప్పుడు ఖమ్మంలో ఆఫీసర్లు చెవులు రిక్కించి కూర్చుంటారు.

ఎగువన, పినపాక దాటి లోపలికి పోతే పై రేవు. అక్కడి పెట్టె దగ్గర ఆదినారాయణ ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వలస వచ్చిన రైతు కుటుంబం వాళ్ళది. భూమి ఉంది, ఎడ్లున్నాయి, అయినా కొలువు మీద మోజుతో చేరాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ చూసుకోలేదు. తెలిసింది గొంతు ఒక్కటే.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆట మొదలైంది.

"కింది రేవూ, ఏం చేస్తున్నారండీ? ఓవర్."

"ఏం చేస్త? ఏరును చూసుకుంట కూసున్న. ఏరు నన్ను చూస్తుంది. ఓవర్."

"అయితే ఒక పని చేద్దాం. మీ రేవు ఒక రాజ్యం, మా రేవు ఒక రాజ్యం. ఏరు ఒక గీత ఎక్కితే ఒక ఏనుగు వచ్చినట్టు. మీరు రాజు, నేను చక్రవర్తి. ఓవర్."

"నువ్వెందుకు చక్రవర్తివి?"

"నేను ఎగువనున్నాను కదండీ మహారాజా!"

జకర్యాను అంతవరకు 'మహారాజా' అని ఎవరూ పిలవలేదు. భూమున్న ఇంటి మనిషి పిలవడం సంగతి సరేసరి. ఆ మాట చెవిన పడి అక్కడే గూడు కట్టుకుంది.

ఆట పద్ధతి తేలిక. ఈ గంటలో తన రేవుకు ఎన్ని ఏనుగులు వచ్చాయో ఒకరు చెబుతారు. నిజం చెప్పొచ్చు, బొంకనూ వచ్చు. వినేవాడు నమ్మితే 'దారిచ్చిన' అంటాడు, ఒక కోట పోగొట్టుకుంటాడు. నమ్మకపోతే 'ఉత్తది!' అనాలి. మన వైపు అబద్ధాన్ని ఉత్తది అంటాం కదా, అదే. ఉత్తది అనిపించుకున్నవాడు మళ్ళీ మెట్లు దిగి, గీత చూసి వచ్చి చెప్పాలి. రెండోసారి చెప్పే మాటలో బొంకకూడదు, అది ఒట్టు. బొంకు తేలితే బొంకినవాడి కోట పోతుంది. నిజమని తేలితే, ఉత్తదన్నవాడు 'ఓడిన, చక్రవర్తీ, కోట నీది' అనో 'ఓడిన, మహారాజా, కోట నీది' అనో పూర్తిగా పలకాలి. పెద్దాఫీసు లెక్క అడిగేటప్పుడే లైన్లోకి వచ్చేది, మధ్యలో వీళ్ళ మాట వినేవాళ్ళు లేరు. పెద్దాఫీసుకు చెప్పే లెక్కలో మాత్రం ఇద్దరూ ఎన్నడూ తేడా రానివ్వలేదు. అది వాళ్ళకు గర్వం.

ఆరు వానాకాలాలు గడిచాయి. ఆట పెరిగి సంసారమంత అయింది. కోటలకు పేర్లు వచ్చాయి, ఏనుగులకు పేర్లు వచ్చాయి. కింది రేవుకు ఒక సేనాపతి, పై రేవుకు ఒక ముక్కోపి మంత్రి పుట్టుకొచ్చారు. మంత్రి మాట్లాడాలంటే ఆదినారాయణ ముక్కు మూసుకుని మాట్లాడేవాడు. ఒక ఏడు రాజుగారి కొడుక్కీ చక్రవర్తి కూతురికీ పెళ్ళి కుదిరి, కట్నం కింద అడిగిన ఏనుగుల దగ్గర చెడి, యుద్ధం వచ్చింది. జకర్యాకు కొడుకు లేడు, ఆదినారాయణకు కూతురు లేదు. అయినా పెళ్ళి చెడిన నాడు జకర్యా అన్నం సరిగ్గా తినలేదు.

భార్య విశ్రాంతమ్మ కంచం వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఏమైందయ్యా? ఎవరన్న సచ్చిండ్రా?"

"సంబంధం చెడిపోయింది."

"ఎవరిది?"

"నా కొడుకుది."

విశ్రాంతమ్మ గరిటె కింద పెట్టింది. "నీకు నాతోని గాదు, ఆ పెట్టెతోని చేయాల్సింది లగ్గం. దానికైతే పిల్లలు గిట్ట పుడుదురు."

జకర్యా నవ్వలేదు. 'మహారాణి కోపంలో ఉన్నది' అని మనసులో అనుకుని చేయి కడుక్కున్నాడు. అప్పటికి ఇల్లూ వాకిలీ ఆయనకు నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించేవి. గది తలుపు తీసి, పెట్టె మీట తిప్పి, 'స్స్...' అని ఆ చప్పుడు వినబడితే తప్ప తలకాయ తేరేది కాదు. సెలవు నాడూ పోయేవాడు. ఆదివారం గుళ్ళో పాట మొదలయ్యేసరికి జకర్యా చోటు ఖాళీ. ఎండాకాలం ఏరు ఇసకలోకి ఇంకిపోయి గీత కదలకపోతే, దేవుడు పిలిచినా పలకనివాడిలా గుమ్మంలో కూర్చునేవాడు, చేతులు వణికేవి. కల్లు మానినవాళ్ళకు అట్లా ఉంటుందని వాడలో పెద్దవాళ్ళు అనుకున్నారు. ఆయన కల్లు ముట్టని మనిషి.

ఏడాదికి ఒక్కసారన్నా పోయి ఆదినారాయణను చూసి రమ్మంది విశ్రాంతమ్మ. బస్సెక్కితే ఒక పూట దారి. జకర్యా పోలేదు. పోతే ఆయన ఇంటి అరుగు మీద తాను ఎక్కడ కూర్చోవాలి? పెట్టెలో మహారాజుకు ఆ తిప్పలు లేవు.

ఇంకో సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఏరు పెరిగితేనే ఏనుగులు. కాబట్టి ఏరు పెరగాలని కోరుకునేవాడు. ఊరు ఒడ్డున ఉంది, వాడ ఇంకా పల్లంలో ఉంది. అయినా మబ్బు చూస్తే గుండె పొంగేది.

ఆదినారాయణ బొంకులో ఘనుడు. ఒకసారి గొంతు తగ్గించి, "మహారాజా, ఆట కాదు. నిజంగా చెబుతున్నాను, ఐదు ఏనుగులు," అన్నాడు. ఆ గొంతుకు జకర్యా భయపడి దారిచ్చేశాడు. తీరా చూస్తే వచ్చింది ఒక్క ఏనుగు. వారం రోజులు పెట్టె పగిలేలా నవ్వాడు చక్రవర్తి. "ఆట కాదు అన్న మాట కూడా ఆటలోదే మహారాజా!" అన్నాడు. జకర్యా ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు.

ఎనభై ఆరులో ఆ పెద్ద వరద వచ్చిన నాడు, పొద్దున్నే ఆకాశం కుండ బోర్లించినట్టు ఉంది. ఏరు రాత్రి నుంచీ పెరుగుతూనే ఉంది. పెద్దాఫీసు అడుగుతూనే ఉంది, జకర్యా చెబుతూనే ఉన్నాడు. లెక్క చెప్పిన సందులో రెండు కోటలు గెలిచాడు కూడా. ఇంకొక్క కోట గెలిస్తే పై రేవు రాజ్యమంతా ఆయనదే. ఆరేళ్ళలో ఎన్నడూ అంత దాకా రాలేదు.

అప్పుడు పెట్టె పలికింది. ఆదినారాయణ ఆయాసపడుతున్నాడు.

"మహారాజా, ఇప్పుడే చూసొచ్చాను. పదకొండు ఏనుగులు. ఒక్క గంటలో."

పదకొండు ఏనుగులు ఆరేళ్ళలో ఒక్కసారీ రాలేదు. జకర్యా పెదవి మీద నవ్వు వచ్చింది.

"ఆట కాదండీ జకర్యా గారూ. ఓవర్."

పేరు పెట్టి పిలిచాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి. అది కూడా కొత్త ఎత్తే అనుకున్నాడు మహారాజు. ఆఖరి కోట ముందు ఎవడైనా కొత్త ఎత్తు వేస్తాడు. మీట నొక్కాడు.

"ఉత్తది!"

ఆదినారాయణ నిట్టూర్చినట్టు వినిపించింది. "సరే. చూసొస్తాను."

జకర్యా బీడీ ముట్టించాడు. కాళ్ళు బల్ల మీద పెట్టాడు. గెలిచాక ఏమనాలో, మంత్రి ముక్కు గొంతును ఎట్లా వెక్కిరించాలో కూడా తయారు చేసుకున్నాడు. బీడీ అయిపోయింది. పెట్టెలో 'స్స్...' అనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంకో బీడీ తీశాడు కానీ ముట్టించలేదు.

కిటికీలోంచి చూస్తే ఏరు రేవు పై మెట్టు మీదికి వచ్చి ఉంది. పై రేవు నుంచి బయలుదేరిన ఏనుగులు వస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, మంద.

"పై రేవు పలుకుతలేదు," పెద్దాఫీసు గొంతు కీచుగా వచ్చింది. "జకర్యా, పై రేవు మాట నువ్వేమన్న విన్నవా? ఓవర్."

జకర్యా మీట మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"లేదు సార్. ఏం వినలేదు."

ఆ మధ్యాహ్నమే వాడ వాడంతా పెట్టేబేడా నెత్తిన పెట్టుకుని మిట్ట మీది బడికి ఎక్కింది. ప్రాణాలు దక్కాయి. జకర్యా వైర్‌లెస్ పెట్టెను భుజాన వేసుకుని మొల లోతు నీళ్ళలో నడిచి బడికి చేర్చాడు. దానికి ఆఫీసు తర్వాత మెచ్చుకోలు పత్రం ఇచ్చింది. ఆయన సాధించినవాటిలో అదీ ఒకటి. దాన్ని ఎన్నడూ గోడకు తగిలించలేదు.

బడి అరుగు మీద నిలబడి ఆయన రెండు రోజులు ఏటినే చూశాడు. గడ్డివాములు వచ్చాయి, తలుపులు వచ్చాయి, మెడకు తాడున్న గేదె వచ్చింది. పై రేవు నీళ్ళు కింది రేవుకు రావలసిందే. ఏది తేలుతూ కనబడినా అరుగు దిగి దగ్గరికి పోయి చూసేవాడు.

"ఎవరి కోసం చూస్తున్నవయ్యా?" అంది విశ్రాంతమ్మ.

"ఎవరి కోసం గాదు."

నీళ్ళు తీశాక కబురు తెలిసింది. పై రేవు ఒడ్డు విరిగి పడింది. ఆ సమయంలో ఆదినారాయణ కొలతరాయి దగ్గర ఉన్నాడు. మనిషి దొరకలేదు.

పరామర్శకు ఆఫీసువాళ్ళంతా పోతుంటే జకర్యా కూడా బస్సెక్కాడు. ఏ అరుగు మీద కూర్చోవాలా అని ఆరేళ్ళు జంకిన ఇంటికి పోతే, ఆదినారాయణ భార్య భారతమ్మ లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఆమె కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"ఆయన ఆ గంట లెక్క అప్పుడే చూసొచ్చారండీ," అంది. "మళ్ళీ దిగాల్సిన పనిలేదు. తడిగుడ్డ కూడా మార్చుకోలేదు. 'రాజుగారు ఉత్తదన్నారు, చూసొస్తా' అని పోయారు. ఆ రాజుగారు ఎవరో మీకు తెలుసా?"

గోడకు అవతలే పెట్టె గది. జకర్యా చూపు గోడ మీదికి పోయి, నేల మీదికి వచ్చింది.

"నాకు తెల్వదమ్మా," అన్నాడు. ఎందుకో గొంతు మార్చి, బొంగురుగా అన్నాడు.

ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన ముఖాన్నే చూసింది.

తర్వాతి ఆదివారం పాస్టరు, శిష్యుడు 'ఆయనెవరో నాకు తెల్వదు' అని ప్రభువును కాదన్న కోడికూత వాక్యం చదువుతుంటే జకర్యా లేచి బయటికి పోయాడు.

ఆట పోయింది. దానితో పాటు ఆయనా పోయాడు అనొచ్చు. కొలువు చేశాడు, లెక్క తప్పకుండా చెప్పాడు, చెల్లెలి పిల్లల్ని చదివించాడు, వాడకు చేతిపంపు తెప్పించాడు. కానీ మన భాషే ఆయనకు శత్రువైంది. మన వైపు ఉత్త అనే మాట లేకుండా పూట గడుస్తుందా? "ఏం తమ్మీ, గిట్ల వచ్చినవ్?" అంటే "ఉత్తగనే అన్నా" అంటాం. "ఏం కూర?" అంటే "ఉత్త పులుసే" అంటాం. ఎవరి నోట ఆ మాట వచ్చినా జకర్యా తల తిప్పి ఏటి వైపు చూసేవాడు. పొయ్యి మీద తాలింపు 'స్స్' అంటే వంటింట్లోంచి లేచి పోయేవాడు. పిల్లలు గవ్వలాట ఆడుతూ "ఉత్తది, ఉత్తది!" అని కొట్లాడుకుంటే, ఎవరినీ ఏమీ అనని మనిషి గవ్వలన్నీ ఊడ్చి ఏట్లో పారేశాడు. పిల్లలు ఏడ్చారు. విశ్రాంతమ్మ కొత్త గవ్వలు కొనిచ్చింది. కారణం ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకసారి మాత్రం, "నీ రాజ్యం మునిగిపోయిందా?" అని మెల్లగా అంది. ఆయన అవునన్నట్టు తలూపాడు.

పై రేవుకు చాలామంది వచ్చారు, పోయారు. తొంభైల్లో రూప్లా అనే పడుచువాడు వచ్చాడు. తండా పిల్లవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు. ఒకనాడు లెక్కలు అయ్యాక అన్నాడు:

"అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఈడ ఒక అమ్మ ఉంటది. రోజూ వచ్చి పెట్టె పక్కన కూసుంటది. ఎవరు మాట్లాడినా వింటది. నీ గొంతు వచ్చిందంటే మాత్రం లేచి పోతది. నువ్వేమన్న బాకీ ఉన్నవా అన్నా? ఓవర్."

జకర్యా కొలతరాయి దగ్గరికి దిగి, నీళ్ళలో చేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. గొంతు! ఆరు వానాకాలాలు గోడ అవతల ఆ గొంతు విన్న మనిషి ముందు బొంగురు పోయి తప్పించుకున్నాననుకున్నాడు. ఆమెకు ఆనాడే తెలుసు.

మర్నాడు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. "ఏడికి?" అంది విశ్రాంతమ్మ. "కోట అప్పజెప్పడానికి," అన్నాడు. ఆమె చద్దిమూట కట్టి ఇచ్చింది.

భారతమ్మ తల నెరిసింది. అదే కుర్చీ వేసింది. జకర్యా కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీరు అడిగిండ్రు. ఆ రాజు ఎవరని."

"అడిగాను."

"నేనేనమ్మా."

"తెలుసు."

"తెలిసి ఎందుకు అనలేదు?"

"నేనెందుకు అనాలి? అడగాల్సింది నేను, అడిగాను. చెప్పాల్సింది నువ్వు." ఆమె కొంగు సర్దుకుంది. "ఇన్నేళ్ళు పట్టిందేం రాజా? బస్సులు లేవా?"

జకర్యా తల వంచుకున్నాడు.

"ఆయన ఆఖరికి ఎన్ని చెప్పారు?"

"పదకొండు ఏనుగులు."

"ఉన్నాయా అన్ని?"

"ఉన్నయమ్మా. నా రేవుకు వచ్చినయ్. ఒక్కటి కూడా తక్కువ లేదు."

ఆమె కళ్ళు మూసుకుంది. "బొంకారేమో అని నాకు అదొక్కటే దిగులు. ఆటలో అల్లరి మనిషి కదా. బొంకి, ఆ బొంకు కోసం పోయారేమోనని." లేచి నిలబడింది. "మరి మీ ఆటలో ఓడినోళ్ళు ఒక మాట అనాలి కదా."

జకర్యా చేతులు జోడించాడు. "ఓడిన..."

"నాకు కాదు. ఈ ఇంట్లో ఆయన ఎప్పుడైనా మన మాట విన్నారా? అక్కడ చెప్పు." గోడ వైపు చూపించింది.

పెట్టె గదిలో రూప్లా లేచి చోటిచ్చాడు. జకర్యా ఆదినారాయణ కూర్చున్న చోట కూర్చున్నాడు. కిటికీలోంచి విరిగిన ఒడ్డు కనిపిస్తోంది, దాని మీద ఇప్పుడు రెల్లు మొలిచింది. మీట నొక్కాడు.

"ఓడిన, చక్రవర్తీ. కోట నీది. ఓవర్."

వేలు తీశాడు. 'స్స్...' అంది పెట్టె. అంతలో పెద్దాఫీసు కోపంగా పలికింది. "ఎవరది లైన్ల? ఏం చక్రవర్తి? పేరు చెప్పుండ్రి! ఓవర్."

రూప్లా గాబరాగా చేయి చాచాడు. జకర్యా ఆ చేతిని మెల్లగా పక్కకు పెట్టాడు.

"కింది రేవు జకర్యా, సార్. పెద్ద వరద నాడు మీరు నన్ను ఒక మాట అడిగిండ్రు. పై రేవు మాట ఏమన్న విన్నవా అని. విన్న సార్. ఆఖరి మాట నాతోనే మాట్లాడిండు. నిజమే చెప్పిండు. నేనే ఉత్తదన్న."

అవతల పెద్దాఫీసులో ఆ పాతవాళ్ళు ఎవరూ లేరు. పెట్టె మళ్ళీ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళుగా జకర్యాను తరుముతున్న ఆ చప్పుడే, ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. ఆయన మీట మీద వేలు పెట్టుకుని, జవాబు వస్తుందన్నట్టు వింటూ కూర్చున్నాడు.

తలుపు దగ్గర భారతమ్మ నిలబడే ఉంది. గొంతు విని లేచిపోయే మనిషి, లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆమె కూడా వింటోంది.